ఎడమవైపు రెండు దిండ్లు

మా ఇంట్లో సోఫా మీద దిండ్లు ఎవరు సర్దినా నాకు నచ్చదు. మనవరాలు వచ్చినప్పుడల్లా వాటిని ఒక్కో మూలకు ఒక్కోటి నిలబెట్టి, పైన చేత్తో చిన్న నొక్కు నొక్కి వెళ్తుంది. అలా నొక్కితే అందమట. ఆ పిల్ల అటు తిరగగానే నేను మళ్ళీ నా పద్ధతిలో పెట్టుకుంటాను. కూర్చున్న మనిషికి ఎడమవైపు రెండు, వీపు వెనక ఒకటి. కుడివైపు ఏమీ ఉండదు. చూసినవాళ్ళు ముసలావిడ సగం సర్ది మర్చిపోయిందనుకుంటారు. నేను ఏ పనీ సగంలో మర్చిపోయే మనిషిని కాను.

నాకు తేదీలు రాసుకునే అలవాటు చిన్నప్పటి నుంచీ ఉంది. ఆవు ఈనిన రోజు, ఆవకాయ కలిపిన రోజు, వాగు పొంగి బడి మూసిన రోజు, అన్నీ నోటుబుక్కుల్లో ఉన్నాయి. దిండ్లకైతే విడిగా ఒక పుస్తకమే ఉంది. ఏ దిండు ఏ నెలలో నింపాను, ఎన్ని వేళ్ళ మందం వచ్చింది, ఏ సంవత్సరం ఎప్పుడు ఎండబెట్టాను అన్నది అందులో చూసుకోవచ్చు. ఇప్పుడు రాస్తున్నది ఆ పుస్తకం ముందు పెట్టుకునే రాస్తున్నాను. పుస్తకంలో లేనివి నా మనసులో ఉన్నాయి.

నేను పుట్టింది కల్లూరు పక్క పల్లెలో. 1971 మే నెలలో పెళ్ళై, సత్తుపల్లి నుంచి అడవి వైపు పద్నాలుగు మైళ్ళ దూరంలో ఉన్న ఊరికి కాపురానికి వచ్చాను. మా అత్తవారి పెద్దలు కోస్తా నుంచి భూముల కోసం వచ్చి స్థిరపడ్డవాళ్ళు. ఇంటికి తూర్పున మా చేలు, చేల అవతల వాగు, వాగు అవతల అడవి. అడవి మొదట్లోనే ఒక కోయ గూడెం. చైత్రం దాటేసరికి అడవిలో బూరుగు కాయలు పగిలి, గాలి అటు నుంచి వీచిన రోజున దూది పింజలు మా వాకిట్లోకి వచ్చి పడేవి. ముగ్గు మీద వాలేవి. ఆరబెట్టిన వడియాలకు అంటుకునేవి. మా అత్తయ్య వాటిని ఏరుతూ, "పనిచెప్పడానికి ఈ అడవికి కూడా నేనే దొరికాను" అని విసుక్కునేది.

దిండ్ల దూది మాత్రం గాలి తెచ్చేది కాదు. గూడెం పెద్ద భార్య తెచ్చేది. మనిషి పొట్టిగా, గట్టిగా ఉండేది. నెత్తి మీద దుప్పటి మూటతో వచ్చి, వాకిట్లో దించి, మొదటి మాటగా నీళ్ళడిగేది. దూదికి బదులు బియ్యం, ఉప్పు, ఒక చీర తీసుకునేది. చీర రంగు నచ్చకపోతే మొహమాటం లేకుండా తిరిగిచ్చేసేది.

బూరుగు దూదిలో గింజలు తీయడం ఒక పని. వెనకగది తలుపులూ కిటికీలూ మూసి, లోతైన గంపలో దూది వేసి, మజ్జిగ చిలికినట్టు కవ్వంతో తిప్పాలి. దూది పైకి లేస్తుంది, గింజలు అడుక్కు దిగుతాయి. ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకుని నేనూ అత్తయ్యా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. రెండు గంటలకు మా కనుబొమ్మలు, జుట్టు అన్నీ తెల్లబడిపోయేవి. ఒకసారి తలుపు తీసి బయటికి రాగానే మా మామయ్య అత్తయ్యను చూసి, "పొద్దున బాగానే ఉన్నావుగా, ఇంతలో ఇంత ముసలిదానివయ్యావేం?" అన్నాడు. అత్తయ్య ముక్కు గుడ్డ తియ్యకుండానే, "మిమ్మల్ని చేసుకున్ననాడే అయ్యాను, మీరు ఇవాళ చూశారు" అంది. అప్పటికి వాళ్ళ పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు.

సోఫా 1979లో వచ్చింది. వచ్చింది అనడం కన్నా మా వసారాలోనే పుట్టింది అనాలి. వడ్రంగి మా ఇంట్లోనే ఉండి, టేకు చెక్కతో ఇరవై ఆరు రోజులు చేశాడు. పొడవు ఆరడుగుల రెండంగుళాలు. కూర్చునే చోట ఖమ్మం నుంచి తెప్పించిన స్పాంజి, దాని మీద ఆకుపచ్చ రెగ్జిన్. ఊళ్ళో అదే మొదటి సోఫా. వేసవిలో రెగ్జిన్ కాళ్ళకు అతుక్కుపోయేది కాబట్టి దాని మీద దుప్పటి పరిచేవాళ్ళం. దుప్పటి పరిచాక అది మంచంలా కనిపించేది. మంచంలా కనిపించకూడదని నేను ఐదు దిండ్లు కుట్టాను.

పదిహేను అంగుళాల చదరం, మాటీ గుడ్డ, అంచుకు కుచ్చు. రెండింటి మీద జంట చిలకలు, రెండింటి మీద గులాబీల బుట్ట, ఒకదాని మీద ఉత్త గళ్ళ డిజైను. ప్రతి గలీబు లోపలి మూలన నెల, సంవత్సరం దారంతో కుట్టాను. మధ్యాహ్నం రెండింటికి రేడియో పెట్టుకుని కూర్చుంటే నాలుగింటికి కూర వండడానికి లేచేదాన్ని. ఐదూ పూర్తవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలంత నెమ్మదైన కాలం నా జీవితంలో మళ్ళీ రాలేదు.

అవి సోఫా మీద పెట్టిన రోజు మామయ్య అక్కగారు చూడ్డానికి వచ్చింది. చూసి, చూసి, "అమ్మాయ్, ఇందులో దిండ్లు కూర్చుంటాయా, మనుషులు కూర్చుంటారా?" అని అడిగింది. ఆవిడ మాట ఊరంతా తిరిగింది. నిజానికి ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. వచ్చినవాళ్ళు దిండును ఏం చేయాలో తెలియక ఒడిలో పెట్టుకుని, పరాయి పిల్లను ఎత్తుకున్నంత జాగ్రత్తగా పట్టుకుని కూర్చునేవాళ్ళు. లేచేటప్పుడు నాకు అప్పజెప్పి వెళ్ళేవాళ్ళు. గూడెం పెద్ద వచ్చినా సోఫా దరిదాపులకు రాడు. ఆయనది వసారా మెట్టు. స్తంభానికి ఆనుకుని, చుట్ట చెవి మీద పెట్టుకుని కూర్చునేవాడు. ఎవరూ ఆయన్ను అక్కడే కూర్చోమని చెప్పలేదు. పైకి రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు. అప్పుడు నాకది లోటుగా తోచలేదని ఇప్పుడు రాసుకోవాలి.

ఇక్కడ వాగు నీళ్ళ సంగతి చెప్పాలి. వాగుకు చిన్న కట్ట, కట్ట నుంచి ఒకటే కాలువ. దాని మీద ముప్పై నాలుగు కుటుంబాల పొలాలు. మొదట్లో ఊరివాళ్ళవి, చివర్లో పదకొండు గూడెంవాళ్ళవి. ప్రతి ఏడూ మృగశిర కార్తె మొదటిరోజు రైతులంతా మా వసారాలో కూర్చుని, ఎవరికి ముందు నీళ్ళు, ఎవరికి తర్వాత అన్నది తేల్చుకునేవాళ్ళు. తేల్చేది మామయ్య. ఆయన పద్ధతి ఒక్కటే. ఒక ఏడు కాలువ మొదటి నుంచి, మరుసటి ఏడు కాలువ చివరి నుంచి. మొదట్లో పొలాలున్నవాళ్ళకు అది గిట్టదు. అయినా ఇరవై రెండేళ్ళు ఆ మాటే చెల్లింది, చెప్పిన మనిషిని బట్టి.

1984 కార్తీకంలో ఒక తెల్లవారుజామున ఆ మనిషి ఎడమచేతిలోంచి కాఫీ గ్లాసు జారిపోయింది. జీపులో ఖమ్మం తీసుకెళ్ళాం. దవాఖానాలో పంతొమ్మిది రోజులున్నాం. మాట నాలుగైదు వారాల్లో తిరిగొచ్చింది. చేతికర్ర పట్టుకుని పది అడుగులు వేయగలిగాడు. కూర్చోవడమే రాలేదు. కూర్చోబెడితే కాసేపటికి ఒళ్ళు ఎడమవైపు ఒరిగిపోయేది. ఒరుగుతున్నట్టు ఆయనకు తెలిసేది కాదు. ఎదుటివాళ్ళ మొహాలు చూసి తెలుసుకునేవాడు.

అత్తయ్య ఎడమపక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసి ఉంచేది. ఇంట్లోవాళ్ళం మాత్రమే ఉంటే ఊరుకునేవాడు. బయటివాళ్ళు రాగానే ఆ చేతి వంక చూసేవాడు. ఆ చూపుకు అత్తయ్య చెయ్యి తీసేసేది. తీసిన రెండు నిమిషాలకు ఆయన ఒరిగేవాడు. నాలుగుసార్లు అలా అయ్యాక ఆయన వసారాలోకి రావడం మానేశాడు.

ఫిబ్రవరిలో ఒక రోజు కాలువ మొదట్లో పొలాలున్న ఆసామి మా మెట్ల దగ్గర నిలబడి, లోపలికి వినబడేలా మావారితో అన్నాడు:

"పెద్దాయన్ను ఇంకేం తిప్పలు పెడ్తరు గాని, ఈపాలి నీళ్ళ ముచ్చట మేం జూసుకుంటం. మీరు పానం జూసుకోండి."

మావారు ఏదో సర్దిచెప్పి పంపించారు. లోపల మంచం మీద మామయ్య కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఆసామి గేటు దాటాక నన్ను పిలిచాడు. అత్తయ్యను కాదు, నన్ను.

"అమ్మాయ్, నువ్వు లెక్క తప్పవు కదా. మృగశిర నాటికి నన్ను ఆ సోఫాలో కూర్చోబెట్టాలి. ఒక గంట. ఎవరూ పట్టుకోకూడదు."

"గంట కూర్చోగలరా మామయ్యా?"

"అది నాకేం తెలుసు? నీ దిండ్లని అడుగు."

అలా మొదలైంది. పదకొండు రోజులు నేను వేరే ఏ పనీ సరిగా చేయలేదు. సోఫాకు ఎడమ చివర, చెయ్యానించే చెక్కకూ ఆయన ఒంటికీ నడుమ ఒక దిండు పెడితే చాలలేదు. రెండు నిలువుగా పెడితే సరిపోయింది. వీపు వెనక మరోటి, రెక్కల ఎముక కింద కాస్త ఎడమకు జరిపి. రెండంగుళాలు జరిపితే ఒరుగుతాడు, మూడు జరిపితే నిటారుగా ఉంటాడు. ఎడమ దిండ్లు రెండూ కలిసి ఆయన బరువుకు నొక్కుకున్నాక ఎనిమిది వేళ్ళ మందం ఉండాలి. ఏడైతే తక్కువ, తొమ్మిదైతే ఎక్కువ. రోజూ గడియారం చూసి రాసుకున్నాను. మొదటిరోజు ఆరు నిమిషాలు. పదకొండోరోజు ఇరవై మూడు. ఏప్రిల్ చివరికి గంట దాటింది.

ఇంకొక సంగతి మిగిలింది. ఎడమవైపు మాత్రమే రెండు దిండ్లు ఉంటే చూసినవాళ్ళకు అది ఊతమని తెలిసిపోతుంది. అందుకని కుడి చివర మిగతా రెండూ అచ్చం అలాగే నిలబెట్టాను. ఎడమ చిలకలకు కుడిన చిలకలు, ఎడమ బుట్టకు కుడిన బుట్ట. ఆ రెండింటికి అక్కడ వేరే పనేమీ లేదు. ఎడమవైపువి సింగారం కోసమే ఉన్నాయని నమ్మించడమే వాటి పని. దూరంగా నిలబడి చూసుకుంటే ఎక్కడా తేడా లేదు. నా జీవితంలో అంత సంతోషంగా నేను ఏ పనీ ముగించలేదు.

అత్తయ్య గుమ్మంలోంచి చూసి, "నలభై రెండేళ్ళు పక్కనున్న చెయ్యి పనికిరాలేదు, నీ చిలకలు పనికొచ్చాయి. కానియ్యి" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత చాలాసేపు వంటింట్లోంచి రాలేదు.

బూరుగు దిండ్లకు మా ఇంట్లో ఒక నియమం ఉంది. వానలు పడకముందు, రోహిణి కార్తె చివరి ఎండలో వాటిని రోజంతా పెట్టాలి. లేకపోతే వానాకాలమంతా ముక్క వాసన వేస్తాయి. నా పుస్తకంలో ప్రతి సంవత్సరం జూన్ ఏడో తేదీ దగ్గర ఆ పని రాసి ఉంటుంది. 1985లోనూ జూన్ ఏడున ఇంట్లో ఉన్న దిండ్లన్నీ వాకిట్లో చాప మీద వరసగా పెట్టాను. పడుకునేవి తొమ్మిది, సోఫావి ఐదు. పద్నాలుగూ ఉన్నాయని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం గూడెం పెద్ద భార్య తేనె ఇవ్వడానికి వచ్చింది. చాప దగ్గర ఆగి ఒక దిండును కాలివేలితో తాకి చూసింది.

"మెత్తలు ఎండకేసినవా అమ్మా?"

"అవును. రేపు మృగశిర కదా."

"రెండు దినాలు తల కింద పెట్టుకోకుండ్రి. ఎండ తాగిన బూరుగు లేస్తది. మెడ పట్టుకుంటది."

"తెలుసులే" అన్నాను. నిజంగానే తెలుసు. ఆ రాత్రి పడుకునేవాళ్ళందరికీ పాత చీరలు మడిచి తల కింద పెట్టించాను. సోఫా దిండ్లను మాత్రం సాయంత్రం దులిపి, గలీబులు తొడిగి, ఎప్పటి చోట ఎప్పటిలా అంగుళాలు చూసి నిలబెట్టాను. తల కింద పెట్టుకునేవే లేస్తాయన్నట్టు ప్రవర్తించాను. ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా ఆ పొరపాటుకు నా దగ్గర వేరే కారణం లేదు. పుస్తకంలో ఆ తేదీ ఉంది, చేశాను.

మర్నాడు శనివారం. పొద్దున ఎనిమిదింటికి వసారా నిండింది. అందరూ రాకముందే మావారూ నేనూ మామయ్యను తీసుకొచ్చి కూర్చోబెట్టాం. ఇస్త్రీ చొక్కా, భుజాన కండువా, చేతిలో కర్ర. కాలువ మొదటి ఆసామి ఎదురుగా కుర్చీలో, మిగతావాళ్ళు బల్లల మీదా చాపల మీదా. గూడెం పెద్ద తన మెట్టు మీద. నేనూ అత్తయ్యా తలుపు వెనక నిలబడ్డాం. నా కళ్ళు గోడ గడియారం మీద ఉన్నాయి.

పది నిమిషాలు బాగానే గడిచాయి. మామయ్య నిరుటి వంతులు చదివించాడు, కట్టకు మట్టి వేయాల్సిన ఇళ్ళ పేర్లు చెప్పాడు. అంతలో అత్తయ్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆయన కుడివైపుకు జరుగుతున్నాడు.

ఎడమకు ఒరిగితే పట్టుకునే ఏర్పాటు ఉంది. కుడివైపు ఏముంది? ఖాళీ. దాని అవతల ఎక్కడో చివర నా అందాల చిలకలు. ఎండకు ఉబ్బిన దిండ్లు రెండూ చెక్కకు ఆనుకుని ఆయన్ను కొంచెం కొంచెంగా అవతలికి నెడుతున్నాయి. వీపు వెనకది ముందుకు తోస్తోంది. ఆయన కుడిచేత్తో కర్రను నేలకు గట్టిగా అదిమాడు. పిడికిలి తెల్లబడింది. మాట మధ్యలో ఆగాడు. నాకు అప్పుడు వెలిగింది ఏం చేశానో.

ఆసామి కుర్చీలో ముందుకు వంగాడు.

"పెద్దాయనకు పానం బాగలేనట్టుంది. లోపల పండబెట్టుండ్రి. మేం మాట్లాడుకుంటం గద."

అత్తయ్య గుమ్మం దాటబోయింది. మామయ్య అటు చూశాడు. పాత చూపే. అత్తయ్య ఆగిపోయింది.

అప్పుడు మెట్టు మీద నుంచి గూడెం పెద్ద లేచాడు. భుజం మీది తువ్వాలు తీసి రెండు పాదాలూ తుడుచుకున్నాడు. బల్లల మధ్య నుంచి నడిచి, తిన్నగా వచ్చి, సోఫా మీద మామయ్యకు కుడిపక్కన కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు కుడిచివరి చిలకల దిండు ఒరిగి ఆయన మీద పడింది. దాన్ని ఏం చేయాలో తెలియక ఒడిలో పెట్టుకున్నాడు.

ఆ సోఫా వచ్చిన ఆరేళ్ళలో, బహుశా ఆ ఇల్లు కట్టినప్పటి నుంచీ, గూడెంవాళ్ళెవరూ ఆ ఎత్తున కూర్చోలేదు.

ఆసామే తేరుకున్నాడు. "ఏందే, సోఫా ఎక్కినవ్?"

"చెవుడు దొరా. మెట్టు కాడికి దొర మాట ఇనబడ్తలేదు."

"నిన్న కల్లు కాడ మంచిగనే ఇనబడ్డది గద నీకు?"

"కల్లు కాడ చెవుడేంది? గా చెవుడు నీళ్ళ కాన్నే."

ముందు బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ తర్వాత అందరూ నవ్వారు. ఆ నవ్వుల్లో గూడెం పెద్ద ఇంకా దగ్గరికి జరిగి, చెవిలో మాట చెప్పేవాడిలా మామయ్య మీదికి వంగాడు. భుజం భుజానికి ఆనించాడు. ఆనించి అలాగే ఉండిపోయాడు. మామయ్య పిడికిలి కర్ర మీద మెల్లగా వదులైంది.

"ఈ ఏడు కాలువ చివరి నుంచి" అన్నాడు మామయ్య. గొంతు ఎప్పటిలాగే ఉంది. "నిరుడు మొదటి నుంచి ఇచ్చాం. ఎవరికన్నా అభ్యంతరముంటే ఇప్పుడే చెప్పండి."

ఆసామి కాసేపు వాదించాడు. మామయ్య వాదించనిచ్చాడు. చివరికి ముప్పై నాలుగు పేర్లూ వరసగా చదివించి, ఒక్కొక్కరి చేతా సరేననిపించాడు. గడియారం తొమ్మిదీ పద్నాలుగు చూపించింది. ఒక గంట పద్నాలుగు నిమిషాలు. అంతసేపూ గూడెం పెద్ద చిలకల దిండును ఒడిలోంచి దించలేదు.

అందరూ వెళ్ళాక మామయ్య నన్ను పిలిచాడు. గూడెం పెద్ద ఇంకా పక్కనే ఉన్నాడు. లేస్తే ఈయన పడతాడు కదా.

"దిండ్లకేమైందమ్మాయ్?"

"నిన్న ఎండబెట్టాను మామయ్యా." ఎడమ దిండ్లను తీయకుండానే పక్కనుంచి వేళ్ళతో కొలిచి చూపించాను. ఆయన బరువుకు నొక్కుకున్నా ఒక్కోటీ ఆరు వేళ్ళుంది. రెండూ కలిపి పన్నెండు. ఎనిమిది ఉండాల్సిన చోట పన్నెండు.

"ఎవరు ఎండబెట్టమన్నారు?"

"పుస్తకంలో ఉందట" అంది అత్తయ్య వెనక నుంచి. "దిండ్ల బదులు ఆ పుస్తకాన్ని ఎండబెట్టాల్సింది."

మామయ్య నవ్వాడు. కార్తీకం తర్వాత ఆయన నోరు తెరిచి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వుకు ఒళ్ళు కదిలి మళ్ళీ కుడికి ఒరిగితే, గూడెం పెద్ద చూడకుండానే భుజం కొంచెం పైకెత్తాడు.

"మీ చెవిలో ఏం చెప్పాడండీ?" అని అత్తయ్య అడిగింది.

"మెత్తలు లేచినయ్, నువ్వు కదలకు, నేనున్న, అన్నాడు."

మూడు నెలలు నేను అంగుళాలు కొలిచి దాచిన రహస్యం మెట్టు మీద కూర్చున్న మనిషికి తెలుసు. నీకెప్పుడు తెలిసింది అని ఆయన్ను అడిగాను.

"కూసున్న కాణ్ణించే ఎర్కే అమ్మా. ఇంతకుముందు దొర కుడి చెయ్యి ఆనించేటోడు. ఇయ్యాల ఎడమ దిక్కు అతుక్కొని కూసున్నడు. ఆ దూది మా ఆడది తెచ్చిందే. అది ఎట్ల నొక్కుకుంటదో, ఎట్ల లేస్తదో నాకెర్కలేదా?" అని, మళ్ళీ అన్నాడు, "దొర పడితే మా నీళ్ళు గూడ పడ్తయ్."

ఆ చివరి మాట నాకు అప్పుడు కొంచెం కష్టంగా తోచింది. ఉత్త జాలితో వచ్చి కూర్చున్నాడంటే బాగుండేదని అనుకున్నాను. మామయ్యకు మాత్రం ఆ మాటే నచ్చింది. జాలితో ఎవరైనా చెయ్యి వేస్తే ఆయన ఓర్చుకోలేడు. పని మీద వచ్చి భుజమిస్తే ఆయనకు అభ్యంతరం లేదు. ఆ తేడా నాకు అర్థమయ్యేసరికి నాలుగైదేళ్ళు పట్టింది.

"కుడివైపువి తీసెయ్యి అమ్మాయ్" అన్నాడు. "అక్కడ మనిషి కూర్చుంటాడు."

ఆ రెండు దిండ్లూ గూడెం పెద్దకే ఇమ్మన్నాడు. ఆయన చిలకలను అటూ ఇటూ తిప్పి చూసి, "మా దూది మాకే ఇస్తున్నవా దొరా?" అన్నాడు. తీసుకోకుండా మాత్రం పోలేదు.

ఆ తర్వాత సంవత్సరం నేను సోఫా దిండ్లను మే పదిహేనునే ఎండబెట్టాను. మూడు వారాలు మామయ్యను వాటికి ఆనుకుని కూర్చోబెట్టి, అవి అణిగేదాకా ఆగాను. జూన్ ఏడో తేదీ సాయంత్రం కొలిచి చూస్తే నొక్కినాక సరిగ్గా ఎనిమిది వేళ్ళు. మృగశిర పొద్దున ఆయన ఎవరి ఊతమూ లేకుండా నిటారుగా కూర్చున్నాడు. గుమ్మంలోంచి చూస్తే నా లెక్కలో ఒక్క చుక్క కూడా తప్పు లేదు.

రైతులంతా వచ్చారు. ఆసామి గొంతు సవరించుకుని, "ఇంక మొదలు పెడ్దామా?" అన్నాడు. మామయ్య మెట్టు వైపు చూస్తున్నాడు. గూడెం పెద్ద స్తంభానికి ఆనుకుని, చుట్ట చెవి మీద సర్దుకుంటూ తన చోట తాను కూర్చుని ఉన్నాడు. ఈసారి అవసరం లేదని ఆయనకూ తెలిసినట్టుంది.

"ఏమోయ్" అన్నాడు మామయ్య, "చెవుడు తగ్గిందా?"

ఆయన ఒక నిమిషం మామయ్య ఎడమవైపు దిండ్లను చూశాడు. తర్వాత తువ్వాలు తీసి పాదాలు తుడుచుకుంటూ లేచాడు.

"యాడ తగ్గుద్ది దొరా" అన్నాడు.

1991 వరకూ, మామయ్య పోయేదాకా, ప్రతి మృగశిరకూ ఆ కుడిపక్క చోటు గూడెం పెద్దదే. పుస్తకంలో 1986 పేజీ ఇప్పుడు తీసి చూశాను. నా దస్తూరీయే. ఎడమ రెండు, వీపు వెనక ఒకటి. కుడి పక్కన ఏమీ లేదని గీత గీసి, గీత కింద 'ఖాళీగా ఉంచాలి' అని రాశాను.